పచ్చచుక్కల పట్టణం

2015 జూన్ 25న మన దేశంలో స్మార్ట్ సిటీ మిషన్ మొదలైనప్పుడు కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రిత్వ శాఖ విడుదల చేసిన మార్గదర్శకాలు, అసలు స్మార్ట్ సిటీ అంటే ఏమిటన్న ప్రశ్న వేసుకుంటాయి. జవాబు కూడా ఆ పక్కనే, ఏ దాపరికమూ లేకుండా ఉంది: అందరూ ఒప్పుకొన్న నిర్వచనమంటూ ఏదీ లేదు, ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. ఏమిటో తెలియని వస్తువును వంద ఊళ్లలో, ఐదేళ్ల గడువులో, ఊరికి 500 కోట్ల రూపాయల చొప్పున కేంద్రం ఇస్తే దాదాపు అంతే మొత్తం రాష్ట్రమూ నగరపాలక సంస్థా కలిసి వేసుకొని, కట్టి తీరాలని సంకల్పించిన ఆ ధైర్యానికి నేను ఇప్పటికీ చేతులు జోడిస్తాను. బ్రహ్మపదార్థం విషయంలో మన వేదాంతులు కూడా ఇంత సాహసం చేయలేదు. వారు ‘ఇది కాదు, ఇది కాదు’ అంటూ ఆగిపోయారే తప్ప టెండర్లు పిలవలేదు.

నిర్వచనం ఢిల్లీకి దొరకకపోయినా తెలుగువాడికి ఎప్పుడో దొరికింది. ఇంగ్లీషువాడు స్మార్ట్ అంటే తెలివి అని చెప్పుకుంటే చెప్పుకోవచ్చు గానీ, మన ఇళ్లలో పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ‘అబ్బాయి స్మార్ట్‌గా ఉన్నాడు’ అంటే అతనికి తెలివి ఉందని ఎవరూ అనుకోరు. రంగూ రూపూ క్రాపూ బాగున్నాయని అనుకుంటారు. తెలివి సంగతి పెళ్లయ్యాక నెమ్మదిగా బయటపడుతుంది. పదేళ్లుగా మన నగరాలకు జరిగిన అభివృద్ధిని ఈ తెలుగు అర్థంతో చదువుకుంటే ఎక్కడా తడబాటు రాదు. కూడళ్లలో రంగుదీపాలు, ఫ్లైఓవర్ స్తంభాల మీద నెమళ్లు, ‘ఐ లవ్’ అన్న మాట పక్కన ఎర్ర గుండె బొమ్మతో ఊరి పేరు నిలబెట్టిన నిలువెత్తు అక్షరాలు, వాటి ముందు సెల్ఫీల కోసం వరుసకట్టిన జనం. ఇవన్నీ పెళ్లిచూపుల ఏర్పాట్లు. 2023 మార్చిలో జీ20 దేశాల మౌలిక సదుపాయాల బృందం విశాఖపట్నంలో సమావేశమై, రేపటి నగరాలకు పెట్టుబడి ఎక్కడినుంచి తేవాలన్నది చర్చించింది. అప్పుడు బీచ్ రోడ్డుకు జరిగిన ముస్తాబును చూసినవారెవరూ ఈ నిర్వచనాన్ని కాదనరు. చూడవచ్చినవారు వెళ్లిపోయాక ఇంటివాళ్లు మళ్లీ పాత చీరలే కట్టుకుంటారు, అదీ సంప్రదాయమే.

అయితే అందం ఒక్కటే చాలదు, ఐటీ ఉండాలి. మార్గదర్శకాల ప్రకారం ఊరిలో ఏదో ఒక ప్రాంతాన్ని ఎంచుకొని తీర్చిదిద్దాలి. ఉన్నదాన్నే బాగుచేసే పద్ధతిలో అయితే 500 ఎకరాలకు మించిన ప్రాంతం, పడగొట్టి కట్టే పద్ధతిలో అయితే 50 ఎకరాలకు మించినది. ఆ ఎకరాలకు అవతల ఉండేవారు తాము స్మార్ట్ సిటీలో లేమని బెంగపెట్టుకోకుండా, ఊరంతటికీ వర్తించేలా కనీసం ఒక సాంకేతిక పరిష్కారం ఉండి తీరాలన్న నిబంధన కూడా చేర్చారు. అంటే కొందరికి ఫుట్‌పాత్, అందరికీ యాప్. పొలం పెద్దవాడికి, పొలం ఫొటో చిన్నవాడికి అన్న ఈ పంపకం ఏ ఉమ్మడి కుటుంబంలోనైనా జరిగి ఉంటే కోర్టుకు పోయేవారు. పట్టణ ప్రజలు సహనశీలురు కనుక యాప్‌ను దిగుమతి చేసుకున్నారు.

ఊళ్ల మధ్య పోటీ పెట్టి 2016 జనవరి 28న తొలి 20 పేర్లు ప్రకటించినప్పుడు భువనేశ్వర్ మొదటి స్థానంలోను, విశాఖపట్నం ఎనిమిదో స్థానంలోను, కాకినాడ పద్నాలుగో స్థానంలోను నిలిచాయి. ప్రజలను సంప్రదించాలన్నది పోటీ షరతుల్లో ఒకటి గనుక పోర్టళ్లలో అభిప్రాయాలను, సామాజిక మాధ్యమాలలో లైకులను పోగుచేశారు. ఐటీ మన పట్టణ పాలనకు చేసిన మొదటి మహోపకారాన్ని ఇక్కడే గుర్తించాలి. విశాఖ నగరపాలక సంస్థ పాలకవర్గం గడువు 2012లో ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. అంటే ఆ ఊరిని స్మార్ట్‌గా మార్చాలని నిశ్చయించిన రోజున ఆ ఊరికి మేయరూ లేడు, కార్పొరేటరూ లేడు. కాకినాడలో కూడా ఓట్లు పడింది 2017లోనే. తొమ్మిదేళ్లపాటు ఎవరూ ఓటు అడగని చోట లైకు అడిగారు. వార్డులో కాలువ పొంగితే ఎదురుపడి తిట్టడానికి ఒక మనిషి లేని లోటును పోర్టల్ తీర్చింది. పైగా పోర్టల్‌ను తిట్టాలంటే ముందుగా ఖాతా తెరిచి, పాస్‌వర్డులో ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక చిహ్నం ఉండేలా చూసుకొని, వంకరటింకర అక్షరాలను గుర్తుపట్టి మనం యంత్రం కాదని రుజువు చేసుకోవాలి గనుక, అదంతా పూర్తయ్యేలోపు ఎంతటి కోపమైనా చల్లారుతుంది. కార్పొరేటర్ ఇంటి అరుగు మీద ఈ సదుపాయం ఉండేది కాదు.

పాలకవర్గం వచ్చాక కూడా ఇబ్బంది రాకుండా మిషన్ ముందే జాగ్రత్తపడింది. ప్రతి స్మార్ట్ సిటీకీ కంపెనీల చట్టం కింద ఒక లిమిటెడ్ కంపెనీ ఉండాలి, అందులో రాష్ట్రానికి సగం, నగరపాలక సంస్థకు సగం వాటా ఉండాలి, దాన్ని సీఈఓ నడపాలి. ఊరికి మేయరు, కమిషనరు, కలెక్టరు ఉండగా మధ్యలో సీఈఓ ఎందుకని అమాయకులు అడుగుతారు. మేయరుకు ఓటరు ఉంటాడు, కలెక్టరుకు సోమవారం అర్జీలు ఉంటాయి. సీఈఓకు ప్రెజెంటేషన్ మాత్రమే ఉంటుంది. పని సాఫీగా సాగడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక నూరు ఊళ్లలోనూ ఒక్కటి కూడా తప్పకుండా వెలసింది సమీకృత కమాండ్ కంట్రోల్ కేంద్రం. చల్లటి గది, గోడంత తెర, తెర మీద ఊరి పటం, పటం మీద చుక్కలు. చెత్తబండి ఒక చుక్క, వీధిదీపాల వరుస ఒక చుక్క, నీళ్ల ట్యాంకు ఒక చుక్క, కెమెరా ఒక చుక్క. అంతా సవ్యంగా ఉంటే పచ్చచుక్క, తేడా వస్తే ఎర్రచుక్క. కమాండ్ అన్న మాట సైన్యం నుంచి వచ్చింది; సైనికుడికి ఆజ్ఞ ఇస్తే కాలు కదుపుతాడు. మాన్‌హోల్‌కు చెవులు లేకపోవడం ఈ ఏర్పాటులో ఒక చిన్న లోపమే గానీ, దాన్ని లోపమని ఎత్తిచూపినవారెవరూ ఆ గదిలోకి రెండోసారి పిలుపు అందుకోలేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఈ కేంద్రాలనే వార్ రూములుగా మార్చి, రోగులనూ అంబులెన్సులనూ సమన్వయం చేశారు, అవి నిజంగా అక్కరకు వచ్చాయి. విశాఖలో ముడసర్లోవ జలాశయం మీద 2 మెగావాట్ల సౌర పలకలు తేలుతున్న మాట కూడా నిజమే. ఈ రెండు సంగతులూ నా వాదానికి అడ్డు వస్తున్నాయి గనుక త్వరగా దాటేస్తున్నాను.

ఆ గదిలో అరగంట కూర్చున్నవారికెవరికైనా, ప్రతి ఊరూ నిజానికి రెండు ఊళ్లని బోధపడుతుంది. ఒకటి తెర మీద ఉంటుంది, రెండోది కిటికీ బయట ఉంటుంది. గదికి కిటికీ ఉండదు గనుక రెండోదానివల్ల మొదటిదానికి భంగం కలగదు. సాంకేతిక విజ్ఞానం నగరాభివృద్ధిని ఎలా తీర్చిదిద్దుతుందన్న ప్రశ్నకు నా సమాధానం ఇదే: నగరాన్ని బాగుచేయడం కంటే నగరం గురించిన సమాచారాన్ని బాగుచేయడం చౌక, వేగం, దుర్వాసన లేని పని అని అది మనకు నేర్పింది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందన్న సామెత పుట్టించిన పెద్దలు, ఏదో ఒక రోజు ఆ రోగాన్నే లక్ష్యంగా పెట్టుకొని నిధులు మంజూరు చేస్తారని ఊహించి ఉండరు.

చుక్క పచ్చబడే విధానం తెలుసుకోదగినది. నేనుండే ఊరి పేరు చెప్పను. చెబితే ర్యాంకు పడిపోతుంది. మా వీధిలో ప్రతి గేటుకూ ఒక క్యూఆర్ కోడ్ పలక బిగించారు. చెత్త తీసుకుపోయే కార్మికురాలు ఆ పలకను స్కాన్ చేస్తే, ఆ ఇంటి చెత్త వెళ్లిపోయినట్లు కేంద్రంలో నమోదవుతుంది. జాగ్రత్తగా గమనిస్తే ఈ వాక్యంలో చెత్త ప్రమేయం ఎక్కడా లేదు. ఒకరోజు బండి చెడిపోయింది. స్కాన్ చేసే ఫోను పట్టుకొని ఒక కుర్రాడు మాత్రమే వచ్చి, గేటుగేటుకూ ఫోను చూపించి వెళ్లిపోయాడు. ఆ రోజు మా వీధి నూటికి నూరు శాతం శుభ్రపడింది. ఇంకొక రోజు బండి వచ్చింది, చెత్తంతా ఎత్తుకుపోయింది, ఫోనులో చార్జింగ్ లేదు; ఆ రోజు మా వీధి మురికివాడగా నమోదైందని, కార్మికురాలికి మెమో ఇచ్చారని తరువాత తెలిసింది. స్వచ్ఛ సర్వేక్షణ్ పేరిట 2016 నుంచి ఏటా ఊళ్లకు ర్యాంకులు ఇస్తున్నారు. ఫిర్యాదుల యాప్ ఎంతమంది వాడుతున్నారన్నదానికి కూడా అందులో మార్కులు పడ్డాయి. అందుకని ఒక సీజనులో మా వార్డు సిబ్బంది ఇంటింటికీ వచ్చి, చీపుర్లు పక్కన పెట్టి, మా ఫోన్లు అడిగి పుచ్చుకొని యాప్ ఎక్కించి వెళ్లారు. ఊరు ఊడ్చేవారిని ఊడ్చే పని మాన్పించి ఊరికి శుభ్రతలో మార్కులు తెచ్చిన ఈ పద్ధతి వెనుక ఉన్న మేధను ఆలస్యంగానైనా గుర్తించాలి.

ఆ యాప్‌లోనే నేను మా ఇంటి ముందు కాలువ పూడిపోయిందని ఫిర్యాదు చేశాను. ఫొటో జతచేశాను, పటం మీద స్థలం గుర్తించాను, ఓటీపీ ఇచ్చాను. మూడో రోజు ఉదయం సందేశం వచ్చింది: ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడినది.’ తెలుగుకు కర్మణి ప్రయోగం సహజం కాదని మన వ్యాకరణం నేర్పిన పంతుళ్లందరూ చెప్పారు. ఎవరో ఒకరు పని చేసినట్లు చెప్పకుండా ఈ భాషలో వాక్యం సరిగా కుదరదని వారి అభిప్రాయం. మున్సిపల్ సాఫ్ట్‌వేర్ వచ్చి ఆ కొరత తీర్చింది. ఎవరు పరిష్కరించారు, ఎప్పుడు, దేనితో అన్న ముతక వివరాలేవీ అంటకుండా పరిష్కారం దానంతటదే సంభవించే వాక్యం ఇప్పుడు మన భాషలో ఉంది. సందేశంతోపాటు రుజువుగా ఒక ఫొటో కూడా పంపారు. అందులో కాలువ అద్దంలా ఉంది. గట్టు మీద ఒక కొబ్బరిచెట్టు కూడా ఉంది. మా వీధిలో కొబ్బరిచెట్టు లేదు.

సాయంత్రం రికార్డు చేసిన గొంతు ఒకటి ఫోనులో పలకరించి, సంతృప్తి చెందితే ఒకటి, చెందకపోతే రెండు నొక్కమంది. రెండు నొక్కాను. మీ అమూల్యమైన అభిప్రాయం నమోదైంది, ధన్యవాదాలు అంది. అమూల్యమన్న మాటకు వెల కట్టలేనిదనే కాక, వెల లేనిదన్న అర్థం కూడా వస్తుందని నాకు ఆ సాయంత్రమే తట్టింది.

ఇలాంటి చిన్న విషయాలు పట్టుకొని పెద్ద ప్రయత్నాన్ని తక్కువ చేయకూడదని నాకు తెలుసు. కాబట్టి పెద్ద విషయాలకే వస్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటు స్తంభాలు కూలాయి, సెల్‌టవర్లు మూగబోయాయి, కొండల మీది పచ్చదనం ఒక్క పగటిలో మాడినట్లైపోయింది. ఆ వారం ఊరిని నడిపించింది చెట్లు కోసే రంపాలు, నీళ్ల ట్యాంకర్లు, టార్చిలైట్లు, గుమ్మంలో నిలబడి పక్కింటివాళ్లను కేకేసే గొంతులు. దీన్నుంచి మనం నేర్చుకున్న పాఠం ఏమిటంటే, ఊరంతా కరెంటు మీద, సిగ్నలు మీద ఆధారపడాలని. ఏడాదిన్నర తిరగకుండానే స్మార్ట్ జాబితాలో చోటు దక్కింది.

వరంగల్లు 2016 మేలో జాబితాకెక్కింది. అంతకు ఏడెనిమిది వందల ఏళ్ల ముందు కాకతీయులు ఆ నేల వాలును చూసుకొని, పై చెరువు నిండితే కింది చెరువుకు నీళ్లు దిగేలా గొలుసుకట్టుగా చెరువులు తవ్వించారు. ఆ వ్యవస్థలో సెన్సర్లు లేవు, తూములు ఉండేవి. డ్యాష్‌బోర్డు లేదు, నీరటికాడు ఉండేవాడు. వాన పడిన రాత్రి నీరటికాడు కట్ట మీదికి వెళ్లి చూసేవాడు. ఇంత వెనుకబడిన సాంకేతికతతో అన్ని శతాబ్దాలు ఎలా నెట్టుకొచ్చారో తెలియదు. 2020 ఆగస్టులో వానలు పడినప్పుడు వరంగల్లు, హనుమకొండ కాలనీలు నడుములోతు నీళ్లలో నిలబడ్డాయి, నాలాల మీద ఆక్రమణలే కారణమని అందరూ ఏకగ్రీవంగా చెప్పారు. నాలాలో నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో చెప్పే సెన్సర్ బజారులో దొరుకుతుంది. నాలా మీద ఎవరి ఇల్లుందో చెప్పే సెన్సర్‌ను ఇంకా కనిపెట్టలేదు. ఆ సంగతి వార్డులో అందరికీ ముందే తెలుసు గనుక దానికి గిరాకీ ఉండదని కంపెనీల అంచనా. 2023 జూలైలో నీళ్లు మళ్లీ వచ్చాయి. నీళ్లకు దారి తెలుసు. పాత పటం చూసుకొని నడుస్తాయి.

హైదరాబాదు గొడవే లేకుండా చేసుకుంది. మొదట్లో తెలంగాణ వాటాలో ఆ పేరు ఉండేది. తరువాత రాష్ట్ర ప్రభుత్వం ఆ స్థానంలో కరీంనగరాన్ని పెట్టింది, ఏడాదికి వంద కోట్లు మహానగరానికి ఏ మూలకు వస్తాయన్నది అప్పుడు వినిపించిన వాదం. ఆ విధంగా ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే ఊరు, సాఫ్ట్‌వేర్‌తో తెలివి తెచ్చుకోవలసిన ఊళ్ల జాబితాలో లేకుండాపోయింది. మిఠాయి కొట్టువాడు ఇంట్లో మిఠాయి తినడన్నట్టు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుంచి ఆ చుట్టుపక్కల పెరిగిన ఊరిని చూసినవారికి ఐటీ నగరాభివృద్ధిని ఎలా తీర్చిదిద్దుతుందన్నది వేరే చెప్పనక్కరలేదు: అద్దాల మేడలు ముందు వచ్చాయి, రోడ్లు వాటిని వెతుక్కుంటూ వచ్చాయి, వాననీటి పైపులు ఇంకా దారిలో ఉన్నాయి. 2023 జూలై వానల్లో సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలు తమ ఉద్యోగులను మధ్యాహ్నం నుంచి మూడు విడతలుగా, ప్రాంతాలవారీగా లాగౌట్ చేయించి ఇళ్లకు పంపాలని కోరారు. ఈ ఆలోచనలోని సొగసును చాలామంది గమనించలేదు. నీళ్లు పోవడానికి దారి చేయలేకపోతే మనుషులు పోయే వేళలను సవరించాలి. భూమి తవ్వనక్కరలేదు, నష్టపరిహారం ఇవ్వనక్కరలేదు. ఒక్క ఈమెయిల్ చాలు. వంద మంది మేస్త్రీలు చేయలేని పనిని ఉద్యోగుల క్యాలెండరు చేసింది. ఆ సలహా పాటించి నా మేనల్లుడు మొదటి విడతలోనే బయలుదేరి, మూడో విడతవారితో కలిసి ఇల్లు చేరాడు.

కెమెరాల విషయంలో మాత్రం హైదరాబాదు ఎవరికీ తీసిపోదు. బంజారాహిల్స్‌లో పోలీసు కమాండ్ కంట్రోల్ కేంద్రం భవనాలు 2022 ఆగస్టు 4న ప్రారంభమయ్యాయి. ముఖాలను గుర్తుపట్టే సాంకేతికతను పోలీసులు వాడడాన్ని ప్రశ్నిస్తూ హైకోర్టులో వ్యాజ్యం కూడా పడింది. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టులో చెప్పిన మాటను పట్టుకొని కొందరు దీనికి అభ్యంతరం చెబుతారు గానీ, నా అభ్యంతరం వేరు. హెల్మెట్ లేని తలను వంద గజాల దూరంనుంచి పసిగట్టి, ఇంటికి చేరేలోపు చలానా పంపగలిగిన కెమెరాకు, పగలూ రాత్రీ తన కళ్ల కిందే పడుకొని ఉన్న గుంత కనిపించదు. మొదట్లో ఇది అన్యాయమనిపించింది. ఆలోచిస్తే కారణం తెలిసింది. గుంతకు నంబరు ప్లేటు లేదు.

ఆ గుంతల మధ్య చీపురు పట్టుకొని తిరిగేవారి ముఖాలు మాత్రం బాగా కనిపిస్తాయి. మున్సిపల్ కార్మికుల హాజరును మొదట వేలిముద్రతో, ఆ తరువాత ముఖంతో తీసుకోవడం రెండు రాష్ట్రాలలోనూ వచ్చింది. ఏళ్ల తరబడి చెత్తా మట్టీ ఎత్తిన చేతులకు గీతలు అరిగిపోయి వేలిముద్ర పడదు. అంటే ఎంత ఎక్కువ పనిచేస్తే అంత తక్కువగా హాజరైనట్లు. మరోవైపు జిగురుతో అచ్చుపోసిన నకిలీ వేళ్లతో, లేని కార్మికులకు హాజరు వేసి జీతాలు తిన్న కేసులు హైదరాబాదులోనే పోలీసుల దాకా వెళ్లాయి. అసలు వేలు చెల్లలేదు, జిగురు వేలు చెల్లింది. ఇందులో వెక్కిరింతకు నేను కొత్తగా కలపగలిగింది ఏమీ లేదు.

తెర మీది ఊరే అసలైన ఊరన్న నా సిద్ధాంతానికి అన్నిటికన్నా గట్టి ఆధారం అమరావతి. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది, 2017లో స్మార్ట్ సిటీల జాబితాలో చేరింది, పుట్టుకతోనే డిజిటల్ కవల ఉన్న నగరం అవుతుందని ఆ దశకం చివర్లో చెప్పుకున్నారు. డిజిటల్ కవల అంటే నగరంలోని ప్రతి భవనానికీ రోడ్డుకూ పైపుకూ కంప్యూటరులో ఒక సరిసమానమైన ప్రతిరూపం. 2019 తరువాత నేల మీది పనులు ఆగిపోయాయి. ఒక కవల కంప్యూటరులో పెరిగింది, రెండో కవల మీద కంప పెరిగింది. 2024లో ఆ కంప కొట్టించడానికే విడిగా టెండర్లు పిలవవలసి వచ్చింది. 2025 మే 2న పనులు మళ్లీ మొదలయ్యాయి గనుక ఇద్దరూ క్షేమంగా పెరగాలని కోరుకుంటున్నాను. పెద్దది ఎవరన్న తగవు మాత్రం వస్తుంది.

మిషన్ గడువు పదే పదే పొడిగించి, చివరికి 2025 మార్చి 31తో ముగించారు. కట్టడానికి డబ్బు ఇచ్చినవారు నడపడానికి ఇవ్వలేదు. సెన్సర్లకు, తెరలకు, సాఫ్ట్‌వేర్ లైసెన్సులకు ఏటా నిర్వహణ ఒప్పందం ఉండాలి. ఆస్తిపన్ను మీద, దుకాణాల అద్దెల మీద బతికే నగరపాలక సంస్థకు ఆ బిల్లు పెళ్లికి తెచ్చిన వడ్డీ అప్పులాంటిది. ఒప్పందం ముగిసిన సెన్సర్‌ను మీరు చూసి ఉంటారు. మా కూడలిలో గాలి నాణ్యత చెప్పే బోర్డు ఒకటి ఉంది. అది చాలా నెలలుగా ఒకే అంకె చూపిస్తోంది. దీపావళి రాత్రి కూడా అదే అంకె. చలించని మనస్సు గురించి గీతలో చదివాను గానీ కళ్లారా చూసింది దానిలోనే. పక్కనే ఉన్న స్మార్ట్ స్తంభం వైఫై ఇవ్వడం మానేసి, ట్యూషన్ల ప్రకటనలు, అద్దె ఇళ్ల చీటీలు మోస్తోంది. నిజం చెప్పాలంటే ఆ చీటీల వల్లే మా తోడల్లుడికి ఇల్లు దొరికింది.

నా కాలువ సంగతి మిగిలిపోయింది. పరిష్కరించబడిన నలభై రోజులకు, అది ఇంకా పూడిపోయి ఉండగానే, ఉదయం ఆరున్నరకు శానిటరీ మేస్త్రి ఇద్దరు మనుషులతో వచ్చాడు. ఎవరు పంపారని అడిగితే ఎవరూ పంపలేదని, పక్కవీధికి వెళుతూ వాసనకు ఆగానని చెప్పాడు. రాతి పలక లేపారు, వెదురు బద్దలు దించారు, గంటన్నరసేపు పార కదిలింది. ఒక దిండు గలీబు, రెండు కొబ్బరి బొండాలు, లెక్కలేనన్ని పాల ప్యాకెట్లు, ఒక స్మార్ట్ సిటీ ఫ్లెక్సీ ముక్క బయటపడ్డాయి. నీళ్లు గలగలా పారడం మొదలైంది. మేస్త్రి చేతులు కడుక్కొని, అన్నాడు:

“సార్, మీ ఫోనుతో ఓ ఫొటో కొట్టి యాప్‌లో పెట్టండి. నా ఫోనులో నెట్టు అయిపోయింది. ఫొటో లేకపోతే ఈ పూట మేం ఎక్కడున్నామని అడుగుతారు.”

ఫొటో తీశాను. యాప్ తెరిచి పాత ఫిర్యాదుకు జతచేయబోయాను. ‘ఈ ఫిర్యాదు ఇదివరకే పరిష్కరించబడినది. కొత్త చిత్రాలు స్వీకరించబడవు’ అని వచ్చింది. తెర ఆయనకు చూపించాను. ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

“అయితే ఇప్పుడే ఇంకో ఫిర్యాదు పెట్టండి సార్.”

“కాలువ బాగుంది కదా మేస్త్రీ, ఏమని పెట్టను?”

“బాగుంది కాబట్టే పెట్టమంటున్నాను. పూడిపోయిందని పెడితే మధ్యాహ్నానికి నా పేరు మీద వస్తుంది, నేను చేశానని మూసేస్తాను. మొదట పూడిన ఫొటో అడుగుతుంది, పాతది మీ దగ్గరే ఉంటుందిగా?”

ఉంది. శుభ్రంగా పారుతున్న కాలువ గట్టున నిలబడి, కాలువ పూడిపోయిందని, దుర్వాసన భరించలేకపోతున్నామని, తక్షణమే చర్య తీసుకోవాలని ఫిర్యాదు రాశాను. మేస్త్రి నా భుజం మీదుగా చూస్తూ అక్షరదోషం ఒకటి దిద్దించాడు. ఓటీపీ వచ్చింది.